స్టాంపు కత్తిరించకు బిడ్డా, కార్డు మొత్తంగా ఉంచు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఇంటర్ చదివే ఒక పిల్లవాడి గురించి రాశారు. అమ్మమ్మ ఇంట్లో అటక మీద రేకు పెట్టె దొరికిందట. అందులో నిజాం కాలం నాటి ఉత్తరాలు, కార్డులు ఉన్నాయట. వాటి మీది స్టాంపులన్నీ తీసి ఆల్బమ్ చేశాడట. చదివి సంతోషపడ్డాను. ఫోన్ పక్కన పెట్టి కాగితం ముట్టుకునే పిల్లలు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు! కానీ ఫొటో దగ్గరికి వచ్చేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఆల్బమ్ పక్కన నీలం ప్లాస్టిక్ టబ్బు, నీళ్లలో తేలుతున్న కవరు మూలలు, ఆ పక్కనే కత్తెర. 'మిగిలిన కాగితాలు పాత పేపర్ల బండికి వేశాం' అని ఇంట్లోవాళ్లు అన్నట్టు వార్త చివర ఒక ముక్క. గడియారం సెంటర్‌లో టీ తాగుతూ చదువుతున్నాను. టీ అట్లనే చల్లారిపోయింది.

ఆ పిల్లవాడిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను చేసిన పాడు పనుల ముందు అతను చేసింది ఎంత! ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను నల్లగొండలో బైండింగ్ పని చేస్తాను. 38 ఏళ్లయింది. కాలేజీ రికార్డులు, ఆఫీసు రిజిస్టర్లు, దుకాణాల ఖాతా పుస్తకాలు, గుడి వాళ్ల పంచాంగాలు, ఏవి వస్తే అవి కుడతాను. ఇప్పుడు గిరాకీ తగ్గింది. అన్నీ స్పైరల్ బైండింగులే, పది నిమిషాల పని. కుట్టు బైండింగ్ కావాలని వచ్చేవాళ్లు నెలకు నలుగురైదుగురు ఉంటారేమో. ఖాళీ దొరికినప్పుడల్లా నా దగ్గర ఉన్న పాత కార్డుల పెట్టె ముందేసుకుని కూర్చుంటాను. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా అచ్చయిన దుకాణాల కార్డులు, పండుగ కార్డులు, బట్టల తానుల మీది టికెట్లు, అగ్గిపెట్టెల లేబుళ్లు. అన్నీ కలిపి ఆరు వందల పైచిలుకు. మా ఇంటావిడ వాటిని 'నీ చెత్త' అంటుంది. ఆ మాటలో కోపమేం లేదు, పేరు అట్లా పడిపోయింది. 'నీ చెత్త తీసుకో, బల్ల తుడవాలె' అంటుంది.

ఈ పిచ్చి ఎట్లా పట్టుకుందో చెప్పాలి. ఎందుకంటే అది ఆ పిల్లవాడికి కూడా పనికొస్తుంది.

పన్నెండేళ్ల కింద ఒక పాత బట్టల వ్యాపారి కుటుంబం నుంచి ఒకాయన వచ్చి చిట్టా పుస్తకం ఇచ్చాడు. వాళ్ల తాతల నాటిది. లోపల లెక్కలు తెలుగులో, రూపాయలు నిజాం సర్కారు సొంత నాణెం హాలీ సిక్కాలో, సంవత్సరం అప్పటి సర్కారు లెక్కల ప్రకారం ఫస్లీ 1308. ఫస్లీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది, అంటే 1898. కుట్లు తెగిపోయాయి, అట్ట మూలలు నలిగి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. 'లోపలి కాగితాలు జాగ్రత్త, అట్ట కొత్తది వెయ్యి' అన్నాడు. పాత అట్ట ఊడబీకి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఆ పొరల మధ్యలో ఎరుపు రంగు కనబడింది.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడంటే మిల్లు అట్ట షీట్లు కొంటున్నాం గానీ, వెనకటి బైండర్లు అట్ట కూడా తామే చేసుకునేవాళ్లు. చేతికందిన చిత్తు కాగితమంతా ఒకదాని మీద ఒకటి జిగురు పెట్టి అంటించి, బరువు కింద అదిమి, ఎండబెడితే అట్ట అయ్యేది. అంటే పాత పుస్తకం అట్ట ఆ ఊరి ఆనాటి చెత్తబుట్టే. మైదా జిగురు గనక నీళ్లకు వదులుతుంది. గోరువెచ్చని నీళ్లు పెద్ద తాంబాళంలో పోసి ఆ అట్టను అందులో పెట్టాను. రాత్రి భోజనం చేసి వచ్చేసరికి అంచులు విచ్చుకున్నాయి. కాగితాన్ని కింద నుంచి ఇంకో కాగితంతో ఆసరాగా పట్టి ఒక్కో పొర లేపాను. మొత్తం పదకొండు పొరలు. వాటిల్లో రెండు ఉర్దూ అచ్చు కాగితాలు, ఒక సరుకుల రసీదు, ఒక ఉత్తరం, రెండు బట్టల టికెట్లు, వాటి మధ్యలో పోస్టుకార్డు కంటే కొంచెం చిన్నగా ఒక దళసరి కార్డు.

ఆ కార్డు ఇప్పుడు నా ముందే ఉంది. ఎర్ర గౌను తొడిగిన పిల్ల, వయసు అయిదేళ్లుంటుందేమో, తన కంటే పెద్ద దారపు రీలు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంది. రీలు నుంచి దారం కిందికి జారి ఒక పిల్లిపిల్ల కాళ్లకు చుట్టుకుంది. పిల్లి మొహంలో చిరాకు ఎంత బాగా వేశాడో! పిల్ల బుగ్గ మీద గులాబీ రంగు పక్కకు ఒక వెంట్రుక వాసి జరిగింది. ఆ రంగు అచ్చు వేసే రాయి సరిగ్గా కూర్చోలేదన్న మాట. వెనక వైపు ఇంగ్లీషులో కోట్స్ కంపెనీ దారం ప్రకటన. అందులో 'బెస్ట్ సిక్స్ కార్డ్' అని పెద్ద అక్షరాలు.

నా ఇంగ్లీషు పదో తరగతి ఇంగ్లీషు. ఆరు కార్డుల సెట్టులో ఇది ఒకటి అనుకున్నాను. దానికి తోడు లీబిగ్ అనే మాంసరసం కంపెనీ ఆ కాలంలో బొమ్మ కార్డులు ఆరేసి సెట్టుగా వేసేదని ఎక్కడో చదివి ఉన్నాను. ఇంకేం, మిగిలిన ఐదు కోసం రెండేళ్లు వెతికాను. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య, మహబూబ్‌నగర్‌లో తెలిసిన పాత సామాన్ల దుకాణంలో, ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే అక్కడ. చివరికి ఒక ఇంగ్లీషు లెక్చరర్ గారు రికార్డులు బైండింగ్‌కు ఇవ్వడానికి వచ్చి ఆ కార్డు చూసి నవ్వారు. 'అది ఏ కాదయ్యా, ఓ. సి-ఏ-ఆర్-డి చీటీ కాదు, సి-ఓ-ఆర్-డి తాడు' అన్నారు. ఆరు పోగులు పేనిన దారం అని అర్థం. కుట్టుమిషన్లకు తెగకుండా ఉండాలని ఆరు పోగులతో చేసేవాళ్లు. రోజూ దారంతో పుస్తకాలు కుట్టేవాడిని, దారం పోగులు లెక్కపెట్టి కొనేవాడిని, ఆ ముక్క నాకు తట్టలేదు. కానీ ఆ రెండేళ్ల వెతుకులాటలో లేని ఐదు దొరక్కపోయినా వేరేవి రెండు వందలు పోగయ్యాయి.

అసలు ఈ కార్డులు ఎందుకు పుట్టాయంటే, తపాలా చవక కావడం, రంగుల అచ్చు చవక కావడం, రెండూ ఒకే కాలంలో కుదిరాయి. 1840లో ఇంగ్లండులో దేశమంతటికీ ఒకటే రేటు, ఒక పెన్నీకి ఉత్తరం అని పెట్టారు. స్టాంపు పుట్టింది కూడా అప్పుడే. మూడేళ్లకు, 1843లో, హెన్రీ కోల్ అనే ఆయన పండక్కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక హార్స్లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ వేయించి, అచ్చు కొట్టించి, చేత్తో రంగులు దిద్దించాడు. మొదటి క్రిస్మస్ కార్డు అదే. వెయ్యి కార్డులు వేయించి, మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకు అమ్మారు. కుటుంబమంతా ద్రాక్షసారా తాగుతున్న బొమ్మ అది. చిన్నపిల్లకు కూడా తాగిస్తున్నట్టు వేశారని మద్యనిషేధం వాళ్లు గొడవ చేశారట. 1870లో అర పెన్నీ పోస్టుకార్డు వచ్చాక ఇక కార్డుల సంతే. మన దేశంలో కాలణా కార్డు వచ్చింది 1879లో.

రంగుల అచ్చు ముచ్చట నాకు మా ఉస్తాద్ చెప్పాడు. ఆయన చిన్నతనంలో హైదరాబాద్ ఛత్తాబజార్‌లో లిథో ప్రెస్సులో, అంటే రాతి అచ్చు ప్రెస్సులో పనిచేశాడు. ఉర్దూ అక్షరం ఒకదాని ఒడిలో ఒకటి కూర్చుంటుంది గనక సీసపు అక్షరాలకు లొంగేది కాదు. కాతిబు, అంటే రాతగాడు, చేత్తో రాస్తే దాన్ని రాతి మీదికి ఎక్కించి అచ్చు కొట్టేవాళ్లు. జిడ్డు సిరా ఉన్నచోట నీళ్లు నిలవవు, తడి ఉన్నచోట సిరా అంటదు. సూత్రమంతా అంతే. మంచి రాయి జర్మనీలో బవేరియా నుంచి వచ్చే నున్నటి సున్నపురాయి. ఉస్తాద్ చేసింది నలుపు ఒక్కటే. రంగుల బొమ్మ కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో రాయి. 1837లో ఫ్రాన్సులో ఎంగెల్మాన్ అనే ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. పది పన్నెండు రాళ్లు, ఒకే కార్డు పది పన్నెండు సార్లు ప్రెస్సు కింద పడాలి, ఒక్కసారి కూడా పక్కకు జరగొద్దు. నా కార్డులో పిల్ల బుగ్గ దగ్గర జరిగిందని చెప్పానే, అది చూసినప్పుడల్లా ఆ రోజు ప్రెస్సు మీద ఉన్నవాడికి ఉస్తాద్ చేతి దెబ్బ లాంటిది పడే ఉంటుందని అనుకుంటాను.

వాటిల్లో నాకు పనివాడిగా నచ్చినవి రెండు. ఒకటి, ప్రేమికులు పంపుకునే లేసు కాగితం కార్డులు. లేసు చిల్లులు పంచింగుతో పొడిచినవనుకుంటాం. కాదు. కాగితాన్ని అచ్చుదిమ్మ మీద పెట్టి బుడిపెలు లేపి, వెనక నుంచి ఆ బుడిపెలను గీకి పడేసేవాళ్లు. గీకినచోట చిల్లు. ఆ పని నేను ప్రయత్నించి మూడు కాగితాలు చించాను. రెండోది, పిల్లలు పుస్తకాల్లో అంటించుకునే ఉబ్బెత్తు బొమ్మలు. దేవదూతలు, కుక్కలు, పువ్వులు. జర్మనీలో షీట్లు షీట్లుగా అచ్చయ్యేవి. బొమ్మకు బొమ్మకు మధ్య సన్నటి కాగితపు నిచ్చెన లాంటిది ఉంటుంది. చాలావాటికి తయారుచేసినవాడి పేరు ఆ నిచ్చెన మీదే ఉంటుంది. బొమ్మ అందంగా కనబడాలని ఆ నిచ్చెన కత్తిరించేస్తే ఇక అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఆ పిల్లవాడి కత్తెర చూడగానే నాకు గుర్తుకొచ్చింది ఇదే.

'ఇంగ్లండు కార్డులతో నల్లగొండకేం పని' అని మీ పాఠకులు అడగొచ్చు. ఆ చిట్టా అట్టలో దొరికిన రెండు బట్టల టికెట్లు చూపిస్తే ఆ మాట అనరు. మాంచెస్టర్, గ్లాస్గోల నుంచి తానులు మన దేశానికి వచ్చేటప్పుడు ప్రతి తాను మీద రంగురంగుల టికెట్ అంటించేవాళ్లు. కొనేవాళ్లకు ఇంగ్లీషు రాదు, చాలామందికి ఏ చదువూ రాదు. కాబట్టి బొమ్మే పేరు. ఏనుగు బొమ్మ తాను, నెమలి బొమ్మ తాను అని అడిగి కొనేవాళ్లు. నా రెండింటిలో ఒకటి లక్ష్మీదేవి. కాళ్లకు బూట్లున్నాయి! దేవత బొమ్మను ఎన్నడూ చూడనివాడెవడో అక్కడ కూర్చుని గీసి ఉంటాడు. రెండోది స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఎర్ర నూలుది. దాని మీద పులివేట. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడ్డాక బొంబాయి రేవులో దిగిన సరుకు సులువుగా హైదరాబాద్ చేరేది. అక్కడి నుంచి ఎడ్లబండి. మగ్గాల మీద బతికే ఈ జిల్లాల్లోకి ఆ మిల్లు గుడ్డ ఎంత ముద్దుగా, దేవుడి బొమ్మ ముందు పెట్టుకుని వచ్చిందో చూడాలంటే ఆ టికెట్ చూడాలి. పుస్తకంలో పది పేజీలు చదివినా నాకు అంత తెలియలేదు.

ఇప్పుడు స్టాంపు సంగతి. నిజాం సర్కారు సొంత స్టాంపులు 1869 నుంచి ఉన్నాయి. అవి రాజ్యం లోపలే చెల్లేవి. బొంబాయికో మద్రాసుకో రాయాలంటే ఇంగ్లీషు వాళ్ల తపాలా, వాళ్ల స్టాంపు. 1950లో ఇక్కడి తపాలా దేశం తపాలాలో కలిసేదాకా అంతే. కాబట్టి ఒక కవరు మొత్తంగా దొరికితే దాని మీద ఏ స్టాంపు ఉంది, ఏ ఊరి ముద్ర ముందు పడింది, ఏ ఊరి ముద్ర తర్వాత పడింది, చిరునామా ఉర్దూలోనా తెలుగులోనా, 'ఫలానా గుడి వెనక' అని రాశారా, ఇవన్నీ కనబడతాయి. ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడుతుంది. మూల కత్తిరిస్తే సగం ఊరి పేరు పోయింది, సగం తేదీ పోయింది. ఆల్బమ్‌లో మిగిలేది ఒక రంగు ముక్క. అట్లాంటి స్టాంపులు లక్షల్లో అచ్చయ్యాయి. కానీ ఆ కవరు లోకంలో ఒక్కటే ఉంటుంది. పైసల లెక్కలో చూసినా అంతే. పాత స్టాంపులు కొనేవాళ్లను అడగండి, మామూలు స్టాంపుకు కూడా కవరుతో ఉంటే ఒక రేటు, ఊడదీస్తే ఒక రేటు చెప్తారు.

ఇక నా పాపాల చిట్టా. మొదటి ఏడాది నాకు దొరికిన కార్డులను ఫెవికాల్‌తో డ్రాయింగ్ షీట్లకు అంటించాను. నలభై కార్డులు. వెనక ఏం రాసి ఉందో ఇక ఈ జన్మకు తెలియదు. తర్వాత ఎవరో చెప్తే, అన్నింటికంటే మంచివి పన్నెండు తీసి లామినేషన్ చేయించాను. తళతళలాడుతుంటే ఎంత మురిసిపోయానో! వేడికి ఆ ప్లాస్టిక్ కాగితం నరనరానికీ పట్టుకుంది. రెండు కార్డుల్లో బంగారు పొడి రంగు నల్లబడింది. ఇప్పుడు అది విప్పడానికి లేదు. చిట్టా అట్టలో దొరికిన ఆ ఉత్తరం ఉంది కదా, దాన్ని కూడా మిగతావాటితో పాటే నానబెట్టాను. అచ్చు సిరాలో నూనె ఉంటుంది, నీళ్లకు చెక్కుచెదరదు. ఆ ఉత్తరం కాపీయింగ్ పెన్సిల్‌తో రాసింది. తడి తగలగానే ఊదారంగు అయి తాంబాళమంతా పాకింది. నేను చూస్తుండగానే, ఎవరో ఎవరికో రాసిన నాలుగు పేరాలు రెండు నిమిషాల్లో నీళ్లయిపోయాయి. మూడు మాటలు మాత్రం చదవగలిగాను: 'వానలు', 'బండి', 'పంపలేదు'. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటి నుంచి చేతిరాత కనబడితే నీళ్ల దగ్గరికి పోనివ్వను.

మోసపోవడం కూడా అయింది. మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి ఒక 'విక్టోరియా కాలం కార్డు' కొన్నాను. అంచులు గోధుమరంగు, అక్కడక్కడ మరకలు, చూడ్డానికి నూరేళ్ల ముసలిది. భూతద్దం పెట్టేసరికి గుట్టు బయటపడింది. రాతి అచ్చు బొమ్మలో చుక్కలు మనిషి చేత్తో పెట్టినవి. ఒకటి లావు, ఒకటి సన్నం, చల్లిన ఆవాల్లా ఉంటాయి. ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు బడిపిల్లల ప్రార్థన లైన్లలా ఒక క్రమంలో నిలబడతాయి. మీ పత్రికలోని ఫొటో మీదే భూతద్దం పెట్టి చూడండి, అవే కనబడతాయి. అప్పటికీ అనుమానం తీరక ప్రకాశం బజార్‌లో తెలిసిన బంగారం దుకాణానికి పోయి, దొంగనోట్లు చూసే లైటు కింద పెట్టాను. కార్డు మొత్తం నీలంగా మెరిసింది. కాగితం తెల్లగా కనబడడానికి కలిపే రసాయనం అట్లా మెరుస్తుంది. ఆ మందు కాగితంలో కలపడం మొదలైంది 1950 ప్రాంతంలో. నా దారం కార్డు అదే లైటు కింద పెడితే మసక మసకగా, మట్టి రంగులో ఉంది. అంచుల గోధుమరంగు తేనీటి డికాక్షన్ అని నా అనుమానం. వాసన చూశాను కూడా. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ పిల్లవాడికి, అట్లాంటి పెట్టెలు ఇళ్లలో ఉన్నవాళ్లకు నాకు తెలిసినంత చెప్తాను. ఏదీ కత్తిరించొద్దు, అంటించొద్దు, సెల్లోటేపు అసలే వెయ్యొద్దు. దాని జిగురు నాలుగేళ్లకు పసుపు మరకై కాగితం లోపలికి దిగుతుంది, తర్వాత టేపు ఊడిపోయినా మరక పోదు. వెనక ఏమైనా గుర్తు రాసుకోవాలంటే మెత్తని పెన్సిల్‌తో సన్నగా, పెన్నుతో వద్దు. ఆల్బమ్‌లో పెట్టాలంటే పాత ఫొటోలకు వాడే కాగితపు మూలలు వాడాలి, నాలుగు మూలల్లో దూర్చితే చాలు. వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ కవర్లు దొరుకుతాయి. మాలాంటి బైండర్లం పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపేవాళ్లం. పురుగు రాదు నిజమే గానీ, ఆ రాగి ఏళ్ల మీద కాగితాన్నే తింటుంది. నేను ఆపేశాను. మన ఎండలకు, వానాకాలం చెమ్మకు అటక అంత చెడ్డ జాగ ఇంకోటి లేదు. కింద గదిలో, గోడకు ఆనించకుండా, చెదలు చేరని ఇనుప బీరువాలో పెడితే చాలు. కాగితం మంచిదైతే తనే బతుకుతుంది. గుడ్డపీలికలతో చేసిన పాత కాగితం నూట యాభై ఏళ్లయినా మెత్తగా మడత పడుతుంది. చెక్కగుజ్జు కాగితం అట్లా కాదు. మీరు కోప్పడనంటే చెప్తాను, మీ పత్రిక ఒకటి కిటికీ దగ్గర ఎండలో నెల రోజులు పెట్టి చూడండి.

చిత్తు కాగితాల కోసం ఇంత హైరానా ఎందుకంటారేమో. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్సులో జాన్ జాన్సన్ అనే ఆయన ఉండేవాడు. మా వృత్తి మనిషే, ప్రెస్సు పెద్ద. అంతకు ముందు ఈజిప్టులో పాత ఊళ్ల చెత్తదిబ్బలు తవ్వి, రెండు వేల ఏళ్ల కిందటి చిత్తు కాగితాలు ఏరేవాడు. పప్పు లెక్కలు, అప్పు పత్రాలు, అట్లాంటివి. వాటికోసం ఇంత తవ్వుతున్నాం, మరి మన కాలపు చిత్తును మనమే తగలబెడుతున్నాం కదా అని ఆయనకు తోచింది. తిరిగొచ్చి కార్డులు, లేబుళ్లు, టికెట్లు, నాటకాల కరపత్రాలు పోగేశాడు. 1968లో ఆ సేకరణ అక్కడి బాడ్లియన్ లైబ్రరీకి చేరింది. పది లక్షలకు పైగా కాగితాలు. మొదట్లో లైబ్రరీలు పనికిరావని తీసిపారేసే రకం సరుకే అదంతా.

మన దగ్గర పానగల్లు మ్యూజియం ఉంది, మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి దగ్గర మ్యూజియం ఉంది. రెండూ చూశాను. రాళ్లను బాగా చూసుకుంటున్నారు, దండం పెట్టాలి. కాగితానికి కూడా ఒక బీరువా ఇవ్వండని నా మనవి. ఏ జిల్లా గ్రంథాలయంలో ఇచ్చినా సరే. 1922లో మన నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక వెలువడిందని గొప్పగా చెప్పుకుంటాం. ఈ 38 ఏళ్లలో ఎన్ని ఇళ్ల పాత పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చాయో, వాటిల్లో ఆ పత్రిక ఒక్క సంచిక కూడా నా చేతికి తగల్లేదు. పెళ్లి పత్రికలు, సంస్థానాల కాలం రసీదులు, నాటకాల పాంప్లెట్లు, బీడీ కట్టల లేబుళ్లు, ఇవన్నీ ఏడాదికేడాది కిలో పది పదిహేను రూపాయలకు బండెక్కుతున్నాయి. బండాయన తప్పేం లేదు. అసలు నాకు అన్నింటికంటే ఎక్కువ కార్డులు ఇచ్చింది అట్లాంటి బండాయనే. 'కాకా, గీ బొమ్మలు నీకేనా?' అని దారిలో ఆపి ఇచ్చి, టీ పైసలు తీసుకుంటాడు.

మీ విలేకరి ద్వారా ఆ పిల్లవాడికి ఒక కబురు చేరవేయగలరా? పాత పేపర్ల బండికి వేసింది ఏ వారమో కనుక్కోండి. మా పట్టణంలో కొన్న కాగితం లారీ నిండేదాకా గోడౌన్‌లోనే ఉంటుంది, పదిహేను ఇరవై రోజులు కదలదు. నేను పోయి అడిగాను. వెతుక్కుంటామంటే రానిస్తామన్నారు. మూలలు లేని కవర్లు దొరికినా పనికొస్తాయి. అతని దగ్గర స్టాంపులున్నాయి గనక ముద్రకు ముద్ర సరిచూసి మళ్లీ జతచెయ్యొచ్చు. అంటించడానికి కాదు, పక్కపక్కన పెట్టడానికి. నా దగ్గర భూతద్దాలు రెండున్నాయి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గోడౌన్ తెరుస్తారు. నేను ఎనిమిదిన్నరకే గడియారం సెంటర్‌లో టీ దుకాణం దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక బైండర్,
ప్రకాశం బజార్, నల్లగొండ.